ముద్ద యాడ నిలుస్తాంది?

నా పదవీ విరమణ సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ నా ఓపికను మెచ్చుకున్నారు. మేరీ సిస్టర్ అంటేనే ఓపిక అన్నారు, పైవాళ్లకు ఎదురు చెప్పి ఎరగని మనిషి అన్నారు, శాలువా కప్పారు. మైకు అందుకుని అదంతా అబద్ధమని చెబుదామనుకున్నాను. అంతలో కరెంటు పోయింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నాకు ఓపిక ఎన్నడూ లేదు. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను. అందులో ఎక్కువ కాలం కడుపు ఆపరేషన్ల వార్డులోనే గడిచింది. ఆ వార్డులో నేను ఏదైనా మంచిపని చేసి ఉంటే మొండితనంతో చేశాను. తలవంచుకుని చెప్పిన పని చేసిన కాలంలో నా చేతుల మీదుగా ఒక మనిషి పోయాడు. ఆయన పేరు కూడా చెబుతాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది. ప్రమోషన్లు ఎలా వస్తాయి, సీనియారిటీ ఎలా లెక్కకడతారు అన్నవి వేరేవాళ్లను అడగండి. మనిషి నోట్లో పెట్టుకున్న ముద్ద లోపలికి పోయి ఏమవుతుంది, పోకపోతే ఎవరు కనిపెట్టాలి, నాకు తెలిసింది అంతే. నా మాట తీరు కొంచెం గరుకుగా ఉంటుంది, సర్దుకోండి.

గోడమీది బొమ్మ

నర్సింగ్ స్కూల్లో మా తరగతి గోడకు ఒక పటం వేలాడుతూ ఉండేది. అందులో ఒక మగమనిషి, గొంతు నుంచి తొడల దాకా తెరిచి పెట్టినట్టు ఉంటాడు. ఆహారనాళం గులాబీ రంగు, కాలేయం ముదురు ఎరుపు, దానికింద పిత్తాశయం పచ్చగా, పేగులు చుట్టలు చుట్టలుగా. అంత కోసినా ఆయన ముఖంలో బాధ కనిపించేది కాదు. అలాంటి రోగి నాకు ముప్పై మూడేళ్లలో ఒక్కడూ తగల్లేదు.

మా ట్యూటరమ్మ కోస్తా నుంచి వచ్చింది. పాఠం బాగా చెప్పేది, ఆ మాట ఒప్పుకోవాలి. మింగడం ఎంత పెద్ద పనో ఆమె చెబితేనే నాకు తెలిసింది. నాలుక ముద్దను వెనక్కి తోస్తుంది. అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కు దారి మూస్తుంది. గొంతుకాయ ఒక్కసారి పైకి ఎగిరి, శ్వాసనాళం మీద మూత పడుతుంది. ఆ క్షణం మనిషి ఊపిరి ఆపుకుంటాడు, ఆపుకున్నట్టు తనకే తెలియదు. అక్కడి దాకానే మన ఇష్టం. ఆహారనాళంలోకి దిగాక ముద్ద మన మాట వినదు. ఆ నాళం జానెడుకు రెండు మూడు వేళ్లు ఎక్కువ పొడుగుంటుంది. అందులో కండరాలు వెనక బిగిస్తూ ముందు వదులుతూ ముద్దను తోసుకుపోతాయి. తలకిందులుగా వేలాడదీసినా తోస్తాయి. ఎనిమిది పది సెకన్లలో ముద్ద కడుపులో పడుతుంది.

ఆమె చివర్లో ఒక మాట అన్నది. జీర్ణం నోటిలోనే మొదలవుతుంది, లాలాజలం పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది, కాబట్టి ప్రతి ముద్దా బాగా నమిలి మింగమని రోగులకు చెప్పాలి అని. నేను లేచి నిలబడి, సంకటిని నమలరు కదా టీచర్ అన్నాను. తరగతి అంతా నవ్వింది. సగం మంది సంకటి తినే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే, వాళ్లు కూడా నవ్వారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దిక్కున ఉత్త ముద్ద అంటే సంకటి ముద్దే. మా దిక్కున రాగిసంకటిని నిమ్మకాయంత తుంచి, వేలితో గుంట చేసి, ఆకుకూర పులుసులోనో చెనిక్కాయల, అంటే వేరుశనగల, పచ్చడిలోనో అద్ది, నాలుక మీద పెట్టుకుని మింగేస్తారు. నమిలితే పళ్లకు పట్టుకుంటుంది. నమిలేవాణ్ణి చూస్తే బంతిలో అందరూ నవ్వుతారు. నోటిలో జరగాల్సిన పని కూడా చిన్నపేగు మీదే పడుతుంది. అది తీరిగ్గా చేసుకుంటుంది, మనిషికి పొద్దు వాలేదాకా ఆకలి తెలియదు. తనకల్లు దగ్గర చెనిక్కాయ చేలల్లో కూలికి పోయే మా అమ్మకు కావాల్సింది సరిగ్గా అదే. ఆమెకు లాలాజలం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు, అవసరమూ రాలేదు.

ట్యూటరమ్మ నన్ను కూర్చోమన్నది. మొరటు అలవాట్లను పాఠంలోకి తేవద్దన్నది. నేను కూర్చున్నాను. ఆ కూర్చోవడం నాకు ఖరీదైనది, ఎందుకంటే ఆ రోజుతో సంకటి వేరు, శరీరశాస్త్రం వేరు అని నా బుర్రలో కూడా పడిపోయింది.

ఓబులేసు

మొదట నన్ను కర్ణాటక సరిహద్దు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో వేశారు. ఒకే డాక్టరు, బయట వరండాలో వరస. డాక్టరుకు హస్తవాసి మంచిదని పేరు, తొందర కూడా అంతే. వరసలో ఉన్నవాళ్లను ముందుగా నేను నాలుగు ప్రశ్నలు అడిగి, చీటీ మీద రాసి లోపలికి పంపాలి. జ్వరముందా, నొప్పి ఎక్కడ, తిండి దిగుతోందా, విరేచనం అవుతోందా.

ఓబులేసుది కుందుర్పి దగ్గర పల్లె. గొర్రెలు కాచేవాడు, యాభై ఏళ్లుంటాయి. రొమ్ములో మంటగా ఉందని వచ్చాడు. తిండి దిగుతాందా అని అడిగాను. దిగుతాంది సిస్టర్ అన్నాడు. దిగుతోంది అని రాశాను. డాక్టరు గ్యాస్ మాత్రలు రాశాడు. నెలన్నరకు మళ్లీ వచ్చాడు. మొలతాడు కిందికి జారి ఉంది. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు, అవే మాత్రలు. మూడోసారి వచ్చినప్పుడు చేతిలో ఒక డబ్బా ఉంది. ఊరిన ఉమ్మి కూడా లోపలికి పోక, దాంట్లో ఉమ్ముకుంటున్నాడు.

అనంతపురం పంపాం. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూసి, ఆహారనాళం నిండా గడ్డ పెరిగిందని, కోసి తీయగలిగే దశ దాటిపోయిందని చెప్పి పంపించారు. వానలు పడకముందే ఓబులేసు పోయాడు.

కర్మలు అయ్యాక ఆయన భార్య ఆసుపత్రికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమో అనుకుని లోపలికి పోబోయాను. ఆమె కొంగుముడి విప్పి, మిగిలిన గ్యాస్ మాత్రలు నా బల్లమీద పెట్టింది. ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చిందట. తర్వాత ఇలా చెప్పింది.

"ముద్ద మాని ఆర్నెల్లాయ సిస్టర్. ముద్ద నిలుస్తాందని అన్నం తిన్యాడు. అన్నం నిలుస్తాందని అంబలి తాగినాడు. నువ్వు దిగుతాందా అంటివి. అంబలి దిగుతాండె గదా, దిగుతాందన్యాడు. ఆయప్ప అబద్ధం చెప్పల్యా. నువ్వు ముద్ద సంగతి అడగల్యా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఘనపదార్థాలు మింగడం ముందు కష్టమవుతుంది, తర్వాత మెత్తనివి, చివరికి ద్రవాలు. ఈ వాక్యం నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఆ ఘనపదార్థం అంటే ఓబులేసు పళ్లెంలోని సంకటి అని మాత్రం నాకు తట్టలేదు. సంకటి తిని పెరిగినదాన్ని, నాకు తట్టకపోవడం క్షమించరాని తప్పు. డాక్టరు తొందర గురించి ఎంతైనా చెప్పగలను, కానీ చీటీ మీద ఉన్నది నా చేతిరాత.

నాలుగు మెట్లు

ఆ తర్వాత నా ప్రశ్న మార్చుకున్నాను. తిండి దిగుతోందా అని ఎవరినీ అడగలేదు. ముద్ద చివరిసారి ఎప్పుడు మింగినావు, అది యాడ నిలుస్తాంది, వేలు పెట్టి చూపించు అని అడిగాను. మా దిక్కు మనిషి గొంతు పూడుకుపోతుంటే నాలుగు మెట్లు దిగుతాడు. ముద్ద, అన్నం, అంబలి, నీళ్లు. ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిస్తే ఎన్నాళ్లుగా జబ్బుందో తెలుస్తుంది. ఎక్కడ వేలు పెడతాడో కూడా ముఖ్యమే, అడ్డం ఎంత కింద ఉందో దాన్నిబట్టి ఊహించొచ్చు. రొమ్ము ఎముక మీద అరచెయ్యి ఆనించేవాళ్లు వేరు, గొంతుకాయ కింద వేలు పెట్టేవాళ్లు వేరు.

కొన్నేళ్లకు నన్ను పెద్ద ఆసుపత్రికి మార్చారు, దాని పేరూ రాయను. అక్కడి సూపరింటెండెంటు మంచి సర్జనే. మిగతా మనుషులంతా తన చేతికి పనిముట్లు అందించడానికే పుట్టారని ఆయన నమ్మకం. నేను కేసుషీటు అంచున "ముద్ద మాని మూడు నెలలు, అన్నం మీద ఉన్నాడు" అని రాస్తే, ఎర్ర సిరాతో కొట్టేసి, నర్సుల నోట్సులో వంటల సంగతి రాయకూడదని పక్కన రాశాడు. మరుసటి రోజు మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాడు. ఏడాదిపాటు నా నీలం సిరా, ఆయన ఎర్ర సిరా అలాగే నడిచాయి. కింద పనిచేసే చిన్న డాక్టర్లు మాత్రం కొట్టేసిన గీత కింద నా రాతను వెతుక్కుని చదివేవారు. అది నాకు చాలు.

మీకు కూడా ఎర్ర సిరా తగులుతుంది. రాయడం మానకండి.

నారాయణమ్మ పేగు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కరోనాకు ముందు సంవత్సరం. రాప్తాడు అవతల ఒక పల్లె నుంచి నారాయణమ్మ అనే పెద్దావిడను తెచ్చారు. ఎనభైకి దగ్గర. భూములున్న కుటుంబం, కొడుకు ఆ ఊరి మాజీ సర్పంచి. ఆమెకు గజ్జలో ఉన్న పాత హెర్నియాలో పేగు ఇరుక్కుని నల్లబడింది. సూపరింటెండెంటే స్వయంగా ఆపరేషన్ చేసి, పాడైన జానెడు పేగు తీసి, రెండు కొసలూ కలిపి కుట్టాడు. చక్కగా కుట్టాడు, కాదనను.

కడుపు తెరిచి పేగును చేత్తో తాకితే అది అలిగి పడుకుంటుంది. కదలదు. చిన్నపేగు ముందు లేస్తుంది, దాని వెనక కడుపు, అందరికన్నా చివర పెద్దపేగు. అది లేచిందనడానికి గుర్తు ఒక్కటే. పుస్తకాల్లో దాన్ని అపానవాయువు అంటారు. మనుషులు పిత్తు అంటారు. రోగిని ఆ మాట పెట్టి అడగడానికి సిగ్గుపడే నర్సు కడుపు వార్డులో ఉండకూడదు. గాలి పోయిందా అని గొణిగితే రోగికి కిటికీ సంగతి గుర్తొస్తుంది. నేను మంచం దగ్గర నిలబడి వార్డంతా వినేలా అడిగేదాన్ని.

నారాయణమ్మ పేగు మూడు రోజులు లేవలేదు. కొడుకు వరండాలో పచార్లు చేశాడు. ఊరి నుంచి జీపుల్లో జనం వచ్చారు. ఒక్కొక్కరే తలుపు దగ్గర నిలబడి, పోయిందా అని కళ్లతోనే అడిగేవారు. నేను పూటకు నాలుగుసార్లు ఆమె పొట్టమీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. నాలుగో రోజు పొద్దున గుడగుడమని చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆమె నన్ను చెయ్యి ఊపి పిలిచింది.

"సిస్టరమ్మా, పోయినాది. మావానికి చెప్పు, నిద్ర పోతాడు."

వరండాలో కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో స్వీటు పంచారు. పిత్తుకు స్వీటు పంచిన ఇల్లు నా సర్వీసులో అదొక్కటే.

కోడలి ఒక్కపొద్దులు

ఆ నాలుగు రోజులూ ముసలావిడ దగ్గర ఉన్నది కోడలు లక్ష్మీదేవి, ఆ మాజీ సర్పంచి భార్య. నలభై దాటి ఉంటుంది. మెత్తని మనిషి. ఇంటి నుంచి పెద్ద క్యారియర్ వచ్చేది. ఆమె అందరికీ వడ్డించి, తన వంతు సంకటి పక్క మంచం వాళ్లకు ఇచ్చేసి, గోడవైపు తిరిగి కూర్చుని ఒక లోటా మజ్జిగ తాగేది. మొదటి రోజు నేను పట్టించుకోలేదు. రెండో రోజు శనివారం, ఒక్కపొద్దు అన్నది. మూడో రోజు ఆదివారం. ఆ రోజూ మజ్జిగే. అత్త కోసం మొక్కుకున్నానన్నది.

నాలుగో రోజు, స్వీటు పంచినప్పుడు, ఆమె తన ముక్కను కొంగులో దాచుకుంది. అప్పుడు ఆమె చేతులు చూశాను. గోళ్లు మధ్యలో గుంటపడి చెంచాల్లా ఉన్నాయి. పెదవుల మూలలు చిట్లి ఉన్నాయి. కంటి కింది రెప్ప దించి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నాలుక చాపమన్నాను. గరుకు లేకుండా నున్నగా ఉంది. రోగి మంచం మీద ఉన్నదని, కింద చాప మీద ఉన్న మనిషిని నాలుగు రోజులు చూడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమెను మెట్ల దగ్గరికి పిలిచాను. ముద్ద ఎప్పుడు మింగినావమ్మా అని అడిగాను. ఒక్కపొద్దులుంటాండా సిస్టర్ అన్నది. వారంలో ఎన్ని రోజులు ఉంటున్నావని అడిగితే, మొదట శనివారం ఒకటే, తర్వాత సోమవారం, గురువారం, ఇప్పుడు వారమంతా అని చెప్పింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు.

"ముద్ద యాడ నిలుస్తాంది తల్లీ?"

ఆమె వేలెత్తి గొంతుకాయ కింద పెట్టింది. ఏడాది దాటిందట. ఒకసారి బంతిలో ముద్ద అడ్డంపడి దగ్గితే, అందరూ చూశారని, అప్పటి నుంచి అందరూ తిన్న తర్వాత ఒంటరిగా తినడం మొదలుపెట్టింది. అది ఆ ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు, ఎందుకంటే కోడళ్లు ఎప్పుడూ చివరే తింటారు. ఒక్కపొద్దులు మొదలుపెట్టాక భక్తి ఎక్కువైందని మెచ్చుకున్నారు కూడా.

సూపరింటెండెంటుతో చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, గొంతులో ఉండ ఉన్నట్టు అనిపించడం ఆడవాళ్ల మనసు జబ్బు, బలానికి మాత్రలు ఇచ్చి పంపమన్నాడు. ఆమె మన రోగి కూడా కాదన్నాడు. భర్తను అడిగాను. ఉపవాసాలుంటే నీరసం ఉంటుందిలే సిస్టర్, ఇంటికి పోతే తగ్గుతుంది అన్నాడు. మర్నాడు నారాయణమ్మను ఇంటికి పంపుతున్నారు. ఆమెతోపాటు కోడలూ పోతుంది. పోతే మళ్లీ రాదు. ఓబులేసు చేతిలోని డబ్బా నా కళ్లముందే ఉంది.

మగవాళ్లతో పని కాదని నేను ముసలావిడ మంచం దగ్గరికి పోయాను. విషయం చెప్పాను. ఆమెకు రోషం వచ్చింది. మా ఇంట్లో తిండికి కరువా, గాదెలు చూసినావా అని అడిగింది. గాదెలు నాకు తెలుసన్నాను, అలాంటి గాదెలు నింపే చేలల్లో మా అమ్మ వంగి పనిచేసింది. తర్వాత ఒక్కటే అడిగాను.

"నీ కోడలు ముద్ద మింగంగా నువ్వు ఎప్పుడు చూసినావు అవ్వా?"

నారాయణమ్మ లెక్క వేసుకుంటున్నట్టు పైకి చూసింది. చివరికి ఆమె కోడల్ని పిలిచి, నా ముందర ఒక ముద్ద తిను, చూస్తా అన్నది. నేను అడ్డుపడ్డాను. అడ్డం ఉన్న గొంతులోకి ముద్ద తోస్తే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది, ఆ పరీక్ష ఇంట్లో ఎవరూ చేయకూడదు, వార్డులో అసలే చేయకూడదు. గొట్టం వేసి చూడాలన్నాను. భర్త లోపలికి వచ్చి, ఇప్పుడు ఇవన్నీ ఎందుకని మొదలుపెట్టాడు. ముసలావిడ గొంతు పెంచలేదు.

"నాకు పిత్తు పోయేదాకా ఊరంతా కాచుకోని ఉండ్య. ఇది ముద్ద మింగక యాడాదయితే ఒక్కరన్నా చూసిన్యామా? నేను చూసిన్యానా? గొట్టం ఎయ్యనీరా."

ఆ మధ్యాహ్నమే లక్ష్మీదేవికి చీటీ రాయించి, వార్డును పక్క సిస్టరుకు అప్పజెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని నేనే గొట్టం గదికి తీసుకుపోయాను. సూపరింటెండెంటు అనుమతి అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు.

లోపల చిన్న డాక్టరు గొట్టం దించాడు. ఆహారనాళం మొదట్లోనే ఒక పల్చటి పొర, ఉల్లిపొరంత, సగం దారి మూసేసి ఉంది. ఏళ్ల తరబడి ఒంట్లో ఇనుము లేక రక్తం తగ్గిపోయిన ఆడవాళ్లలో అలా పొర కడుతుంది. పట్టించుకోకుండా వదిలితే కొందరిలో అది క్యాన్సర్ దాకా పోతుంది. ఆ రోజు మాత్రం గొట్టం కొస తగలగానే పొర చిట్లింది. నాలుగు చుక్కల రక్తం వచ్చింది, అంతే. ఏడాదిగా ఒక మనిషిని ఇంట్లోవాళ్లకు కనపడకుండా దాక్కునేలా చేసిన అడ్డం తీయడానికి అంతకుమించి పట్టలేదు.

సంజాయిషీ

చిన్న డాక్టరు బయటికి వచ్చి, ఈమెకు సరైన తిండి లేదు, రక్తం లేదు, ఇనుము మాత్రలు నెలల తరబడి వాడాలి అని మామూలు గొంతుతోనే చెప్పాడు. వరండాలో ఊరివాళ్లు ఉన్నారు. సాయంత్రానికి ఆ మాట జీపెక్కి పల్లెకు పోయింది. సర్పంచి భార్యకు తిండి లేదట. ఎదురు పార్టీవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి.

మాజీ సర్పంచి నేరుగా సూపరింటెండెంటు గదికి పోయాడు. మా ఇంటి కుండలోకి తొంగిచూసేదానికి ఆ సిస్టర్ ఎవరు అని అడిగాడట. ఆ సిస్టర్ ఎవరు అన్నదాంట్లో నా కులం, మా అమ్మ కూలిపని, నా మెడలోని శిలువ అన్నీ ఉన్నాయి, నాకు అర్థం కాకపోలేదు. సూపరింటెండెంటు నన్ను పిలిచి, అనుమతి లేకుండా వార్డు వదిలిపోయినందుకు సంజాయిషీ రాయమన్నాడు. పొరపాటున అలా జరిగింది, కుటుంబానికి క్షమాపణ చెబుతున్నాను అని రాస్తే ఇక్కడితో వదిలేస్తానన్నాడు. నా మంచికే చెబుతున్నానన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే అనుకున్నాడని నా అనుమానం.

కాగితం తీసుకుని బయట బల్లమీద కూర్చున్నాను. భయం లేదని చెప్పను. మా అమ్మాయి చదువు మధ్యలో ఉంది, మా ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం, బదిలీ అయితే ఇల్లంతా కదలాలి. అప్పుడు ఓబులేసు భార్య కొంగుముడి విప్పి పెట్టిన మాత్రలు గుర్తొచ్చాయి. నువ్వు అడగల్యా అన్నది ఆమె, అడగలేదని. ఈసారి అడిగాను. అడిగినందుకు క్షమాపణ రాస్తే ఆమె ముఖం నేను మళ్లీ తలుచుకోలేను.

ఒక్క వాక్యం రాశాను. "ముద్ద యాడ నిలుస్తాంది అని అడిగినాను, ఆమె చూపించింది." కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివి ఎర్ర సిరా కలం తీశాడు, ఎక్కడ కొట్టేయాలో తోచక మూత పెట్టేశాడు. పదిహేను రోజుల్లో నన్ను తనకల్లు వైపు వేశారు. శిక్ష అనుకుని వేశారు. మా అమ్మ పనిచేసిన చేల పక్కన, సంకటి తినేవాళ్ల మధ్య, నన్ను వేయడం శిక్ష ఎలా అవుతుందో నాకు ఈనాటికీ తెలియదు.

బదిలీలకు భయపడి ప్రశ్న మింగేసే పిల్లలకు ఒక్కటే చెబుతాను. మింగిన ప్రశ్న జీర్ణం కాదు. నాది ఇన్నేళ్లయినా కాలేదు.

శాలువా కప్పిన రోజు

మళ్లీ ఆ సభ దగ్గరికి వస్తాను. కరెంటు పోయాక జనం వరండాలో భోజనాలకు లేచారు. గేటు దగ్గర ఒక జీపు ఆగింది. నారాయణమ్మ కర్ర పట్టుకుని దిగింది, వెనకే లక్ష్మీదేవి. ఆరేళ్లు దాటింది, పోల్చుకోలేనంత ఒళ్లు చేసింది, బుగ్గల్లో రంగు వచ్చింది. ఏటేటా గొట్టం పరీక్షకు పోయి వస్తోందట. మాజీ సర్పంచి జీపులోనే కూర్చుని అద్దం వైపు చూస్తున్నాడు. ఆయన నాతో ఇప్పటికీ మాట్లాడడు, నేనూ పలకరించలేదు.

వాళ్లు ఒక పెద్ద స్టీలు డబ్బా తెచ్చారు. మూత తీస్తే సంకటి, ఇంకా పొగలు కక్కుతోంది. నేను వచ్చినవాళ్లకు పెడదామని చెయ్యి చాపితే ముసలావిడ ఆపింది. ముందు నా కోడల్ని తిననీ, మా ఇంట్లో ఇప్పుడు ఇదే పద్ధతి అన్నది. ఇది తింటాంటే నేను చూడాల, చూసినంక నేను తినాల అన్నది. ఆ పద్ధతి ఎప్పుడు మొదలైందని నేను అడగలేదు.

లక్ష్మీదేవి అందరి మధ్యా, గోడవైపు తిరగకుండా, బెంచీ మీద కూర్చుంది. నిమ్మకాయంత తుంచింది. గుంట చేసి పచ్చడిలో అద్దింది. నోట్లో పెట్టుకుంది. నేను ఆమె గొంతు వైపే చూస్తున్నాను. ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది. అలవాటు కొద్దీ మనసులోనే పది దాకా లెక్కపెట్టి, యాడన్నా నిలిచిందా అని అడిగాను.

అప్పటికే రెండో ముద్ద నోట్లో ఉంది. మాట్లాడలేక తల అడ్డంగా ఊపింది.